ఆరాధన లేని వేళల్లో చర్చి ఎవరిది?

ఆదివారం ఉదయం రెండు మూడు గంటలు, వారం మధ్యలో ఒక సాయంత్రం ప్రార్థన కూడిక, ఇంకో రోజు పాటల సాధన. వారంలో ఉన్న 168 గంటల్లో చాలా చర్చి భవనాలు నిండుగా వాడుకలో ఉండేది ఇంతే. పైకప్పు మాత్రం 168 గంటలూ ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది. బీమా, కనీస కరెంటు చార్జీ, చలిదేశాల్లో బాయిలర్ ఖర్చు ఏ గంటకూ ఆగవు. అమెరికా, బ్రిటన్, కెనడాల్లో వేలాది సంఘాలు కొన్ని దశాబ్దాలుగా ఈ లెక్కతోనే సతమతమవుతున్నాయి. సభ్యులు తగ్గారు, కానుకలు తగ్గాయి, భవనం మాత్రం అంతే ఉంది. అదే వీధిలో పసిపిల్లల సంరక్షణ కేంద్రానికి చోటు దొరకదు, నాటక బృందానికి రిహార్సల్ హాలు దొరకదు, కొత్తగా వలస వచ్చిన సంఘానికి ఆరాధన చేసుకునే స్థలం దొరకదు. ఖాళీ గదులు చుట్టుపక్కల వారికి అద్దెకిద్దామన్న ఆలోచన ఈ రెండు కొరతల నుంచి పుట్టింది.

ఆలోచన తేలిక, అమలు కష్టం. పవిత్ర స్థలానికి అద్దె కట్టవచ్చా? ఎవరికి ఇవ్వాలి, ఎవరిని కాదనాలి? పన్ను మినహాయింపు పోతుందా? పిల్లలకు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నల మీద జరిగిన అధ్యయనాలు, వచ్చిన తీర్పులు, సంఘాల అనుభవాలు కలిపి చూస్తే నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. అద్దె తీసుకోవడంలో దోషమేమీ లేదు. గది నడపడానికి ఎంత ఖర్చవుతోందో తెలియకుండా, ఎవరికి ఎందుకు తగ్గిస్తున్నామో పదిమందిలో చెప్పకుండా, కాగితం రాసుకోకుండా ఇవ్వడం వల్లనే చాలా సంఘాలు నష్టపోయాయి, మనుషులు మనసు విరుచుకున్నారు.

అలవాటు పాతదే

చర్చిలో ఆరాధన తప్ప మరేదీ జరగకూడదన్న భావన మనం అనుకునేంత పాతది కాదు. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో బలిపీఠం ఉన్న భాగం బాగోగులు పాదిరిగారివి, జనం నిలబడే పెద్ద హాలు బాగోగులు ఊరివి. మరమ్మతు ఖర్చు ఊరిదైనప్పుడు వాడకమూ ఊరిదే అయింది. తగవుల తీర్పులు, పిల్లల చదువులు, బాకీల చెల్లింపులు అక్కడే జరిగేవి. ‘చర్చి ఏల్’ అని పిలిచే విందుల్లో సంఘపెద్దలే బీరు కాచి అమ్మి, ఆ డబ్బు చర్చి ఖర్చులకు జమ వేసేవారు. డెవన్, సోమర్‌సెట్ ప్రాంతాల్లో ఈ విందుల కోసం చర్చి పక్కన వేరే ఇళ్లు కట్టుకున్నారు. వాటిలో కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. లండన్‌లోని పాత సెయింట్ పాల్స్ కేథడ్రల్ మధ్య హాలు వకీళ్లు, వ్యాపారులు, కొలువు వెతుక్కునేవారు కలుసుకునే చోటుగా పేరుపడింది. 1604 నాటి ఇంగ్లండ్ చర్చి నిబంధనల్లో 88వది నాటకాలు, విందులు, చర్చి ఏల్‌లు, లౌకిక న్యాయస్థానాలు చర్చిలో జరగరాదని పేరుపేరునా నిషేధించింది. అంతవరకు అవన్నీ అక్కడ జరుగుతూ ఉండేవని దాన్నిబట్టే తెలుస్తోంది.

అట్లాంటిక్ దాటి న్యూ ఇంగ్లండ్‌లో స్థిరపడిన ప్యూరిటన్లు తమ ప్రార్థనాలయాన్ని సమావేశ మందిరం అనే పిలుచుకున్నారు. ఆదివారం ప్రసంగం, పనిరోజుల్లో ఊరిసభ, రెండూ ఆ కప్పు కిందే. 1773 డిసెంబర్ 16న బోస్టన్ తేయాకు తిరుగుబాటుకు ముందు జనం గుమికూడింది ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్‌లో. ఊరి సభాస్థలమైన ఫానెయిల్ హాలు ఆ వేలాది మందికి సరిపోక, అంతకంటే పెద్దదైన ఈ ప్రార్థనా మందిరానికి వచ్చారు.

అయితే అమెరికన్ చర్చిల్లో ఈనాడు కనిపించే ఇన్ని గదులు ఎక్కడివి? దీనికి కారణం 19వ శతాబ్దపు ఆదివారపు బడి. ఓహైయోలోని ఏక్రన్‌లో కోతయంత్రాల తయారీదారు, మెథడిస్టు ఆదివారపు బడి సూపరింటెండెంట్ లూయిస్ మిల్లర్ 1860ల చివర ఒక నమూనాకు రూపమిచ్చాడు. మధ్యలో పెద్ద హాలు, చుట్టూ తరగతి గదులు, అవసరమైతే తలుపులు తీసి అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టే వీలు. ‘ఏక్రన్ ప్లాన్’ దేశమంతా పాకింది. శతాబ్దం చివరికి నగరాల్లోని పెద్ద సంఘాలు వ్యాయామశాలలు, వంటశాలలు, పఠన మందిరాలు కట్టుకున్నాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జననాలు పెరిగినప్పుడు వేలాది చర్చిలు పిల్లల కోసం కొత్త విభాగాలే జోడించాయి. ఆ పిల్లలు పెద్దవారై వెళ్లిపోయారు. గాలప్ సర్వేల ప్రకారం ఏదో ఒక ప్రార్థనాలయంలో సభ్యత్వం ఉన్న అమెరికన్లు 1999లో 70 శాతం, 2020లో 47 శాతం. ఈ అంకె సగానికి దిగువకు పడటం అదే మొదటిసారి. గదుల సంఖ్య తగ్గని చోట మనుషుల సంఖ్య ఇలా తగ్గింది.

అధ్యయనాలు ఏం తేల్చాయి

ఈ ఖాళీ గదుల విలువను లెక్కగట్టిన వారిలో ముందు చెప్పాల్సింది 1989 నుంచి పనిచేస్తున్న ఫిలడెల్ఫియా సంస్థ పార్ట్‌నర్స్ ఫర్ సేక్రెడ్ ప్లేసెస్ గురించి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు రామ్ క్నాన్‌తో కలిసి అది చేసిన పనిని ఈ విషయం మీద రాసే వారంతా ఉదహరిస్తారు. ఫిలడెల్ఫియా, షికాగో, ఫోర్ట్‌వర్త్ నగరాల్లో 90 చారిత్రక ప్రార్థనాలయాలను పరిశీలించి 2016లో వెలువరించిన నివేదిక, ఒక్కొక్కటి తన ఊరి ఆర్థిక జీవితానికి సగటున ఏటా 17 లక్షల డాలర్లకు పైగా సమకూరుస్తోందని చెప్పింది. అక్కడి కార్యక్రమాలతో మేలు పొందుతున్న వారిలో 87 శాతం మంది ఆ సంఘాల సభ్యులు కారు. నాకు ఈ రెండో అంకె ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. చర్చి హాలు అద్దెకు ఇవ్వాలా వద్దా అని కమిటీ కూర్చుని తర్జనభర్జన పడుతున్నప్పటికే ఆ భవనాన్ని ఎక్కువగా వాడుకుంటున్నది బయటివారే.

బ్రిటన్‌లో నేషనల్ చర్చెస్ ట్రస్ట్ 2020లో ‘హౌస్ ఆఫ్ గుడ్’ పేరిట ఇలాంటి లెక్కే వేసింది. దేశంలోని చర్చి భవనాల సామాజిక, ఆర్థిక విలువ ఏటా కనీసం 1,240 కోట్ల పౌండ్లని తేల్చింది. మరుసటి ఏడాది ఆ అంకె 5,500 కోట్ల పౌండ్లయింది. భవనాలు అవే, ఆహార నిధి కేంద్రాలు అవే. మధ్యలో బ్రిటిష్ ఖజానా శాఖ మనిషి క్షేమానికి విలువ కట్టే పద్ధతిని మార్చింది. ఒక్క ఏడాదిలో నాలుగు రెట్లకు పైగా పెరిగే అంకెను పట్టుకుని ఏ సంఘమూ బడ్జెట్ వేసుకోకూడదు. ఇవి ప్రభుత్వాన్ని, దాతలను ఒప్పించడానికి పనికొచ్చే లెక్కలు. వచ్చే చలికాలం బాయిలర్‌కు డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు వీటిలో జవాబు దొరకదు.

ఎవరు వస్తారు

మద్యం మానాలనుకునేవారి బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు, చర్చి బేస్‌మెంట్‌కు ఉన్న అనుబంధం అమెరికాలో అందరికీ తెలిసిందే. 1935లో ఈ ఉద్యమం మొదలైంది పైన చెప్పిన ఏక్రన్ పట్టణంలోనే. వీరి పన్నెండు సంప్రదాయాల్లో ఏడోది ప్రతి బృందం బయటి విరాళాలు తీసుకోకుండా తన ఖర్చు తానే భరించుకోవాలంటుంది. అందుకే ‘ఉచితంగా వాడుకోండి’ అని పాస్టర్ చెప్పినా వీరు ఎంతో కొంత అద్దె ఇస్తామంటారు. సభ్యులు తలా ఒక డాలరు వేసి అద్దె, కాఫీ ఖర్చులు గడుపుకుంటారు. ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది ఉంది. డబ్బు తీసుకోకపోవడమే దయ అని మనం అనుకుంటాం. అవతలి మనిషికి తన వంతు చెల్లించి తలెత్తుకుని కూర్చోవడం అవసరం కావచ్చు.

కళాకారుల ఉదాహరణ న్యూయార్క్‌లో ఉంది. వాషింగ్టన్ స్క్వేర్ పక్కనున్న జడ్సన్ మెమోరియల్ చర్చి తన హాలును యువ నర్తకులకు తెరిచింది. 1962 జూలైలో అక్కడ మొదలైన ప్రదర్శనలు జడ్సన్ డాన్స్ థియేటర్‌గా ఆధునిక నృత్య చరిత్రలో ఒక మలుపుగా నిలిచాయి. దగ్గర్లోని సెయింట్ మార్క్స్ ఇన్ ది బవరీ చర్చిలో 1966లో పొయెట్రీ ప్రాజెక్ట్, 1974లో డాన్స్‌స్పేస్ పుట్టాయి. మార్కెట్ రేటు అడిగి ఉంటే వీటిలో ఏదీ పుట్టేది కాదు.

పసిపిల్లల కేంద్రాలది వేరే కథ. అవి సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దంతా గదులు వాడతాయి, నెలనెలా అద్దె కడతాయి, చాలా చర్చిల బడ్జెట్‌ను నిలబెడతాయి. ప్రమాదం కూడా అక్కడే ఉంది. 2020లో లాక్‌డౌన్ రాగానే ఒకే పెద్ద అద్దెదారు మీద ఆధారపడిన సంఘాలకు ఆ నెల నుంచే రాబడి పడిపోయింది. ఆదివారపు బడి పిల్లలు వేసిన బొమ్మలు సోమవారం కేంద్రం వాళ్లు తీసేశారని, కేంద్రం బొమ్మలు ఆదివారం మాయమయ్యాయని జరిగే గొడవలు బయటికి చిన్నవిగా కనిపిస్తాయి. కానీ ఏళ్ల తరబడి సాగిన ఒప్పందాలు తెగిపోయేది చాలాసార్లు ఇలాంటి వాటివల్లనే.

ఇక వలస సంఘాలు. అమెరికాలో తెలుగు క్రైస్తవ సంఘాలు చాలా వరకు ఇలాంటి భవనాల్లోనే మొదలయ్యాయి. ఉదయం ఇంగ్లిష్ ఆరాధన ముగిశాక, మధ్యాహ్నమో సాయంత్రమో తెలుగు ఆరాధన. కొరియన్, స్పానిష్, ఆఫ్రికన్ సంఘాలదీ ఇదే దారి. ఈ ఏర్పాటులో అద్దె రసీదు కంటే లోతైన సంగతి ఒకటుంది. ఒకే విశ్వాసం ఉన్న రెండు సంఘాల్లో ఒకటి ఇంటియజమాని, మరొకటి అద్దెదారు అయిపోతాయి. ఆరాధన తర్వాత అందరూ కలిసి భోంచేయడం మన సంఘాలకు ఆరాధనలో భాగమే. బిర్యానీ, పోపు వాసన హాల్లో మిగిలిపోయిందని మరుసటి రోజు ఫిర్యాదు వస్తే అవతలివారు దాన్ని శుభ్రత సంగతిగానే అనుకోవచ్చు, ఇవతలివారికి అది తమ ఉనికి మీద మాటలా తగులుతుంది. పిల్లల పరుగులు, ఆరాధన వేళ మించిపోవడం, మైకు మోత, చెప్పులు విడిచే చోటు, ప్రతిదీ ఇలాగే రెండు వైపులా రెండు రకాలుగా కనిపిస్తుంది. దీనికి నాకు తెలిసిన మేలైన ఉపాయం, వాడుకునే సంఘం నుంచి ఒకరిని భవనాల కమిటీలో కూర్చోబెట్టడం. అద్దె ఎంతన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు.

అద్దె కట్టే పద్ధతి

‘ఎప్పటినుంచో గంటకు అయిదు డాలర్లే తీసుకుంటున్నాం’ అన్నది ఏ కమిటీలోనైనా వినిపించే మాట. ఆ అయిదు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. సరైన పద్ధతి చదరపు అడుగు లెక్క. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. భవనం మొత్తం 12,000 చదరపు అడుగులు. వేడి, కరెంటు, నీళ్లు, బీమా, శుభ్రత, చిన్న మరమ్మతులు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిన కప్పు, బాయిలర్ కోసం పక్కన పెట్టాల్సిన సొమ్ము, అన్నీ కలిపి ఏటా 96,000 డాలర్లు. అంటే అడుగుకు 8 డాలర్లు. 1,500 అడుగుల హాలు ఏడాదికి 12,000 డాలర్లు తింటోంది. ఆ హాలు ఏటా 600 గంటలు వాడుకలో ఉంటే గంటకు 20 డాలర్లు, 1,200 గంటలు వాడితే 10 డాలర్లు. ఎక్కువమంది వాడుకునే కొద్దీ అందరికీ ఖర్చు తగ్గుతుంది.

ఇప్పుడు 600 గంటల వాడకం ఉన్న ఆ హాలులో వారానికో గంట కలిసే మద్యవిముక్తి బృందం పాత రేటున ఏటా 260 డాలర్లు ఇస్తోందనుకుందాం. ఖర్చు 1,040. మిగతా 780 డాలర్లు సంఘం పెడుతున్న కానుక. పెట్టవద్దని నేను అనను, పెట్టి తీరాలంటాను. అయితే అది కానుకేనని లెక్కల పుస్తకంలో రాయాలి, సభ్యుల సమావేశంలో చదవాలి. అప్పుడు సంఘానికి తాను ఎవరి కోసం ఏం చేస్తోందో తెలుస్తుంది. రాయకపోతే ఏదో ఒక రోజు కొత్త ట్రెజరర్ వచ్చి ‘వీళ్లవల్ల మనకు నష్టం’ అని ఆ బృందాన్ని పంపించేస్తాడు.

పెళ్లి విందులు, సంస్థల సమావేశాలు, సినిమా షూటింగులకు మార్కెట్ రేటు, చేయూత అవసరమైన వారికి ఖర్చు మేరకో అంతకు తక్కువకో. మూడు రకాల రేట్లు ముందే నిర్ణయించి గోడకు అతికిస్తే ‘మా బంధువు’ అనే మాటకు తావుండదు. రాతపూర్వక ఒప్పందం ఎందుకు, మనవాళ్లే కదా అనడం మంచితనంలా కనిపిస్తుంది. ఏ గదులు, ఏ వేళలు, తాళం చెవి ఎవరి దగ్గర, కుర్చీలు ఎవరు సర్దాలి, గాజు పగిలితే ఎవరు పెట్టుకోవాలి, ఎన్ని రోజుల ముందు చెప్పి ఖాళీ చేయాలి అన్నవి రెండు పేజీల్లో రాసుకుంటే స్నేహం నిలుస్తుంది. నోటిమాట మీద నడిచిన ఏర్పాట్లు కమిటీ మారగానే తెగిపోతాయి.

చట్టం దగ్గర

అమెరికాలో చర్చికి వచ్చే గది అద్దె మీద మామూలుగా కేంద్ర ఆదాయపు పన్ను పడదు. ఆ ఆస్తి అప్పు మీద కొన్నదై ఉంటే, లేదా అద్దెతో పాటు గణనీయమైన సేవలు కూడా అందిస్తుంటే పడవచ్చు. కార్లు నిలుపుకోనిచ్చి డబ్బు వసూలు చేయడం అద్దె కిందికి రాదు. ఆస్తిపన్ను రాష్ట్రాలది. లాభం కోసం నడిచే సంస్థకు గది ఇస్తే ఆ మేరకు మినహాయింపు పోయే రాష్ట్రాలు ఉన్నాయి. ఎన్నికల అభ్యర్థులకు హాలిస్తే అందరికీ ఒకే షరతులు, ఒకే రేటు ఉండాలి. వాడుకునేవారి నుంచి బీమా పత్రం, అందులో చర్చి పేరు కూడా చేర్చడం దాదాపు అన్ని చోట్లా అడుగుతారు.

పిల్లల భద్రత విషయంలో అందరి కళ్లూ తెరిపించింది బాయ్ స్కౌట్స్ దివాలా. 2020 ఫిబ్రవరిలో ఆ సంస్థ కోర్టుకెక్కాక లైంగిక వేధింపుల మీద 82,000కు పైగా క్లెయిములు దాఖలయ్యాయి. స్కౌట్ దళాలకు ఆశ్రయమిచ్చి, కాగితం మీద వాటి నిర్వాహక సంస్థగా సంతకం చేసిన వేలాది చర్చిలు కూడా ఆ బాధ్యతలో చిక్కుకున్నాయి. చాలా సంఘాలకు తాము గది మాత్రమే ఇస్తున్నామన్న నమ్మకం ఉండేది. ఆ తర్వాత యునైటెడ్ మెథడిస్ట్ చర్చి ఈ ఒప్పందాల తీరునే మార్చుకుంది. గది ఇచ్చేవారికి, కార్యక్రమం నడిపేవారికి మధ్య గీత ఎక్కడుందో సంతకానికి ముందే చూసుకోవాలి.

ఎవరిని కాదనవచ్చు అన్నది అన్నిటికంటే సున్నితమైన ప్రశ్న. న్యూజెర్సీలోని ఓషన్ గ్రోవ్‌లో మెథడిస్టు మూలాలున్న ఒక సంఘానికి సముద్రతీరాన పెవిలియన్ ఉంది. అందరికీ తెరిచి ఉంచుతామన్న హామీ మీద దానికి పన్ను మినహాయింపు తీసుకుంది. 2007లో ఇద్దరు మహిళలు తమ సివిల్ యూనియన్ వేడుకకు అడిగితే నిరాకరించింది. రాష్ట్రం ఆ పెవిలియన్‌కు మినహాయింపు తొలగించింది, 2012లో న్యాయాధికారి అది వివక్షేనన్నారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2005లో ఇంకో రకం తీర్పు వచ్చింది. కేథలిక్ సోదర సంస్థ ఒకటి తన హాలును ఇద్దరు మహిళల పెళ్లి విందుకు ఒప్పుకుని, విషయం తెలిశాక రద్దుచేసింది. విశ్వాసం కారణంగా నిరాకరించే హక్కు ఆ సంస్థకు ఉందని మానవహక్కుల ట్రిబ్యునల్ అంగీకరించింది. కానీ ఆ ఇద్దరి గౌరవం నిలిచేలా వ్యవహరించలేదని, పరిహారం కట్టమంది. ఇంగ్లండ్‌లో 2010 సమానత్వ చట్టం మతసంస్థలకు కొంత వెసులుబాటు ఇస్తూనే, వ్యాపారమే ప్రధానోద్దేశమైన సంస్థలకు అది వర్తించదంది. మూడు చోట్లా ధోరణి ఒకటే. డబ్బిచ్చిన ప్రతివారికీ తలుపు తెరుస్తామని చెప్పుకున్న తర్వాత ఒకరి ముఖం మీద మాత్రం మూయడం కష్టం. కాబట్టి ఏం జరగనిస్తాం, ఏం జరగనివ్వం అన్నది మొదటి అద్దెకు ముందే రాసుకోవాలి. ఎవరో ఒక మనిషి గుమ్మంలో నిలబడ్డాక ఆలోచించుకోవడం అవమానించడమే అవుతుంది.

పవిత్రత మాటేమిటి

కేథలిక్ సభ ఈ విషయంలో స్పష్టంగా ఉంటుంది. పవిత్ర స్థలంలో ఆరాధనకు, భక్తికి తోడ్పడేవే జరగాలని, ఇతర వాడకానికి బిషప్ సందర్భాన్ని బట్టి అనుమతి ఇవ్వవచ్చని సభా చట్టం 1210వ సూత్రం చెబుతుంది. 1987 నవంబర్‌లో వాటికన్ ఇచ్చిన లేఖ చర్చిలో కచేరీ పెడితే ప్రవేశం ఉచితంగా, అందరికీ తెరిచి ఉండాలంది. అందువల్ల స్థానిక కేథలిక్ సంఘాలు అద్దె కోసం పక్కనున్న హాలునే చూస్తాయి. ఆంగ్లికన్లు ఇంకొంత దూరం వెళ్లారు. 2006లో ఇంగ్లండ్‌లో నిబంధన సవరించాక, ప్రధానంగా ఆరాధనకే వాడాలన్న షరతు మీద చర్చి భవనంలో కొంత భాగాన్ని లీజుకివ్వవచ్చు. లండన్ వెస్ట్ హ్యామ్‌స్టెడ్‌లోని సెయింట్ జేమ్స్ చర్చిలో 2014 నుంచి పోస్టాఫీసు, కాఫీ దుకాణం, పిల్లల ఆటస్థలం నడుస్తున్నాయి. హియర్‌ఫోర్డ్‌లోని ఆల్ సెయింట్స్‌లో కాఫీ దుకాణం 1990ల నుంచే ఉంది. ఇవి ఊరివారికి రోజూ పనికొచ్చేవి కాబట్టి నిలబడ్డాయి.

కాంటర్బరీ కేథడ్రల్‌లో 2024 ఫిబ్రవరిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నృత్యం చేసే వినోదరాత్రులు జరిపినప్పుడు బయట నిరసనకారులు ప్రార్థిస్తూ నిలబడ్డారు. టికెట్ల డబ్బు ఆ మహాభవనానికి అవసరమే, కాదనను. అయినా నా మనసు నిరసనకారుల వైపే మొగ్గుతుంది. ఆకలిగొన్నవారికి భోజనం, పిల్లలకు బడి, దుఃఖంలో ఉన్నవారికి చోటు ఇస్తే పవిత్రతకు భంగం రాదు. ఎక్కడైనా దొరికే వినోదాన్ని, ఆ గోడల వయసును అలంకారంగా వాడుకుంటూ అమ్మితే వస్తుంది.

మన దగ్గర

తెలుగునాట ఈ ప్రశ్న కొత్తగా వచ్చింది కాదు. మిషనరీల కాలంలో ఎన్నో పల్లెల్లో ఒకే కప్పు పనిరోజుల్లో బడి, ఆదివారం గుడి. మెదక్ కేథడ్రల్‌నే చూడండి. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ చార్ల్స్ వాకర్ పోస్నెట్ మొదలుపెట్టించిన కట్టడం అది, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికాలో తెలుగు, తమిళం, ఇంగ్లిష్ పూజలు ఒకే గుడిలో వేరువేరు వేళల్లో సాగుతాయి. అమెరికాలో వలస సంఘాలు అద్దె కట్టి నేర్చుకుంటున్న సర్దుబాటు ఇక్కడ ఒకే సంఘం లోపల ఉంది.

మన పట్టణాల్లో చర్చి కాంపౌండు గోడ వెంట దుకాణాలు, లోపల కమ్యూనిటీ హాలు, పక్కన బడి మామూలే. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ), లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు సంఘాలకు మిషన్ల నుంచి సంక్రమించిన స్థలాలు ఊరి నడిబొడ్డున ఉన్నాయి. అందుకే ఇక్కడ గొడవంతా గది అద్దె గురించి కాకుండా భూమి లీజు గురించి ఉంటుంది. తరాల కింద రాసుకున్న నామమాత్రపు అద్దె, చేతులు మారిన దుకాణాలు, ఏ కమిటీ ఎప్పుడు సంతకం పెట్టిందో తెలియని పత్రాలు, ఏళ్ల తరబడి కోర్టు కేసులు. వీటి మూలం దురాశ ఒక్కటే కాదు, లెక్క బయట పెట్టని అలవాటు కూడా.

పన్ను సంగతి తెలిసినవారు తక్కువ కాబట్టి చెబుతాను. జీఎస్టీలో, ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధార్మిక సంస్థ తన ప్రార్థనాలయ ఆవరణలోని చోటును అద్దెకిస్తే మినహాయింపు ఉంది. దానికి హద్దులున్నాయి. గది అద్దె రోజుకు 1,000 రూపాయలకు, హాలు లేదా ఖాళీ స్థలం అద్దె రోజుకు 10,000 రూపాయలకు, దుకాణం అద్దె నెలకు 10,000 రూపాయలకు తక్కువగా ఉండాలి. గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా ఇదే నియమం. పేదింటి పెళ్లికి హాలివ్వడానికి ఈ హద్దు సరిపోతుంది. దుకాణాల మీద పెద్ద రాబడి తీసుకునే సంఘాలు పన్ను లెక్క విడిగా చూసుకోవాలి.

సంఘ కమిటీల్లో ఉన్న పెద్దలకు నా విన్నపం ఒకటే. వచ్చే సర్వసభ్య సమావేశంలో అద్దెకున్న ప్రతి గది, ప్రతి దుకాణం జాబితా చదవండి. ఎవరికి ఇచ్చాం, ఎంతకు ఇచ్చాం, ఎప్పటివరకు ఇచ్చాం, ఎవరికి ఎంత తగ్గించాం, ఎందుకు తగ్గించాం అన్నవి అందులో ఉండాలి. చదివాక ఆ జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టండి.